ఎడమ వైపు కిటికీ

పన్నెండు దాటేదాకా డబ్బు కట్టకూడదు. ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది. మాదాపూర్‌లో నర్సింహ నడిపే ఇంటర్నెట్ సెంటర్‌లో నాలుగో నంబరు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను. తెర మీద అన్నీ నింపేశాను. ఓబులేసు, యాభై ఆరేళ్ళు. సుబ్బమ్మ, యాభై. సెప్టెంబరు ఇరవై ఏడు నుంచి ఎనిమిది రోజులు స్విట్జర్లాండ్ దేశమంతా ఎక్కడెక్కి ఎక్కడ దిగినా అడగని రైలు పాసు, అది కాక కొండల మీదికి పోయే ఒక ఎర్ర రైల్లో రెండు సీట్లు. కింద ఒక్క బటన్ మిగిలింది, అది నొక్కితే బ్యాంకు కార్డులోంచి డబ్బు పోతుంది. ఈరోజు శుక్రవారం, పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. చందానగర్‌లో కలప అడితీ పెట్టి ఇరవై రెండేళ్ళయింది, రాహుకాలంలో ఒక్క దుంగ కొనలేదు, ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వలేదు. ఇవన్నీ నింపడానికే రెండు గంటలు పడుతుందని మా అమ్మాయి సౌజన్య చెప్పింది, సరిగ్గా పన్నెండుకు తేలేలా లెక్క వేసుకుని పదింటికి వచ్చి కూర్చున్నాను. నలభై నిమిషాల్లో అయిపోయింది. ఎదుటివాడు చెప్పిన గడువును సగం చెయ్యమని కొత్తగా వచ్చిన గుమాస్తాలకు నేనే చెబుతాను, ఈసారి నేనే మరిచాను.

నర్సింహ నా భుజం మీదుగా తొంగి చూశాడు. ఎదురుగా ఆ గుండ్రటి పెద్ద భవనం లేచిన వైపే అతని జొన్నచేను ఉండేది. అమ్మిన డబ్బుతో ఈ గది, ఆరు కంప్యూటర్లు, బయట ఒక టెలిఫోన్ బూతు. ఇంటి తలుపులకు టేకు నా దగ్గరే కొన్నాడు, అప్పటినుంచి సేటు అంటాడు.

"ఏంది సేటు, అన్నీ నింపి గట్లనే సూస్తున్నవ్. కొట్టరాదు?"

"పన్నెండు కానీ నర్సింహా."

"రాహుకాలమా? ఆ దేశంల ఇప్పుడు పొద్దుగాల ఏడే అయింది. వాళ్ళకు ఇంక రానే రాలే."

"డబ్బు పోయేది ఇక్కణ్ణించి కదా."

"నాకేంది, గంటకు నలభై. పొద్దుమూకేదాక కూసో, చాయ్ గూడ తెప్పిస్త."

చాయ్ తెప్పించాడు. గాజు గ్లాసు కీబోర్డు పక్కన పెట్టి, సౌజన్య రాసిచ్చిన చీటీని దాని కింద ఉంచాను. ఏ పేజీ తర్వాత ఏ పేజీ, ఎక్కడ ఏం నొక్కాలి, ఇద్దరి పాస్‌పోర్టు నంబర్లు, అన్నీ సిరా పెన్నుతో వరసగా రాసింది. ఎదురుగా ఉన్న ఆ గుండ్రటి భవనంలోనే ఐదో అంతస్తులో పని చేస్తుంది, కిందికి వచ్చి పది నిమిషాల్లో చేసి పెడతానంది కూడా. నేనే వద్దన్నాను. ఇది నేను చేతులారా కొనవలసిన సరుకు. ఇరవై ఏడేళ్ళ కింద అడిగింది సుబ్బమ్మ, పెళ్ళయిన మూడో నెలలో, ప్రొద్దుటూరులో మా మిద్దె మీద పడుకుని ఉన్నప్పుడు. వాళ్ళ నాయన గుంతకల్లులో గూడ్సు గార్డు. రైల్వే క్వార్టర్సులో వాళ్ళ గోడకు ఒక పాత క్యాలెండరు బొమ్మ ఉండేదట, తేదీలన్నీ చింపేసి బొమ్మ ఒక్కటే మిగుల్చుకున్నారు. వంకర తిరిగిన రాతి వంతెన, దాని మీద ఎర్ర రైలు, వంతెన చివర నేరుగా కొండ. పెట్టెలు సగం కొండలోకి పోయి ఉంటాయి. అవతల ఎక్కడ తేలుతుంది నాయనా అని ఈమె అడిగితే, పోయి చూసినోళ్ళు చెప్పాల అన్నాడట ఆయన. మనం ఎప్పుడన్నా పోదామా అని అడిగింది నన్ను. చూద్దాంలే అన్నాను. అడితీకి వచ్చి ధర విని వెనక్కి వెళ్ళేవాళ్ళు అనే మాట అది. ఆ మాట అన్నవాడు తిరిగి రాడని నాకు తెలుసు, ఆమెకు అప్పట్లో తెలియదు.

ఆమె జ్ఞాపకం మాత్రం గొప్పది. ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు గుంతకల్లుకు వచ్చే పోయే బండ్లన్నీ, పెద్ద లైనూ చిన్న లైనూ, నంబర్లు, వేళలు, ఎంతసేపు ఆగేది, తడుముకోకుండా అప్పజెప్పేదట. గార్డులందరూ చుట్టూ కూర్చుని అడుగుతూ పోయేవారు, తప్పు చెబితే ఈమె అణా ఇవ్వాలి, సరిగ్గా చెబితే వాళ్ళివ్వాలి. ఒక్క అణా పోగొట్టుకోలేదని ఇప్పటికీ గర్వం. నాకు అట్లాంటి తల లేదు. నాకున్నది చెవి. దుంగ మొదలు మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొడితే లోపల గట్టిదో గుల్లదో చెప్పేస్తాను. పైన బెరడు నిగనిగలాడుతూ ఉంటుంది, కోత మిల్లువాడు కూడా మోసపోతాడు, ధ్వనిలో మాత్రం దాగదు. అటవీ డిపోల వేలంపాటల్లో నేను కొట్టి వదిలేసిన దుంగ మీద ఎవరూ పాట పాడరు. ఇన్నేళ్ళ వ్యాపారంలో గుల్ల దుంగ కొన్నది ఒక్కసారి, అదీ జ్వరంతో చెవులు దిబ్బడేసినప్పుడు.

ఫిబ్రవరిలో కంటి డాక్టరు సుబ్బమ్మకు చెప్పాడు. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుందమ్మా, సొరంగంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది, చివరికి అదీ ఉండదు, మందు లేదు అన్నాడు. ఎంత కాలం అన్నాను నేను. ఏడాది అనుకోండి, ఖచ్చితంగా చెప్పలేం అన్నాడు. బయటికి వచ్చాక సుబ్బమ్మ, గుంతకల్లు పిల్లకు సొరంగం చూసి భయమా అని నవ్వింది, నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రే నిర్ణయించాను, తీసుకుపోవాలని. ఏడాదంటే నా లెక్కలో ఆరు నెలలు, అంటే ఆగస్టు దాకా పూచీ, ఆపైన ఒకటి రెండు నెలలు అదృష్టం. సౌజన్య ఏప్రిల్‌లోనే ఈ కంపెనీ పేజీ చూపించింది. మే నెలలో మంచు కరుగుతుంది, అప్పుడు పోండి నాన్నా అంది. ధరలు చూశాను. మే నుంచి సెప్టెంబరు నడిమిదాకా సీజను, ఆ తర్వాత మూడో వంతు తగ్గుతుందని అక్కడే రాసి ఉంది. విమానం టికెట్లూ అంతే. సీజను పోనీ అన్నాను. తగ్గేదాకా ఆగడం నాకు చేతనైన విద్య. ఆగడం తెలిసే ఇల్లు కట్టాను, కూతుర్ని చదివించాను. ఇప్పుడు ఆగస్టు మూడో వారం. వేసుకున్న లెక్క దాటలేదు, అంచు మీద ఉన్నాను, అంతే. ఇంకో అయిదు వారాలు ఆ కళ్ళు నిలిస్తే చాలు, వంతెన దాటేదాకా నిలిస్తే చాలు.

పదకొండుంపావుకు కరెంటు పోయింది. ఆరు తెరలూ ఒక్కసారి నల్లబడ్డాయి, ఫ్యాను మూలుగుతూ ఆగింది. చీకట్లో కార్డు తడుముకోబోయి గ్లాసు దొర్లించాను, మిగిలిన చాయ్ చీటీ మీద ఒలికింది. బయటినుంచి నర్సింహ, ఫికర్ చెయ్యకు సేటు, పది నిమిషాల్ల వస్తది అన్నాడు. పది నిమిషాలకే వచ్చింది. అయితే నింపినదంతా పోయింది, మళ్ళీ మొదటినుంచి. ఫోను లైను కీచుమంటూ పట్టుకుంది, పేజీ పైనుంచి కిందికి ఒక్కొక్క గీత చొప్పున దిగుతోంది. మొదటిసారి చీటీలో ఉన్నవే చూసి నింపాను, చీటీలో లేనివి చూడలేదు. ఇప్పుడు పేజీ దిగేదాకా వేరే పని లేదు, అందుకని ప్రతి గీతా చదువుతున్నాను. ఇన్వాయిసుల్లో చిన్న అక్షరాలు చదివీ చదివీ వచ్చిన ఇంగ్లీషు నాది, ఈ మాత్రం అర్థమవుతుంది. సీటు ఎటు కావాలి, కిటికీ దగ్గరా, నడవ దగ్గరా. కిటికీ. ఎడమ వైపే అడుగు అంది సుబ్బమ్మ, వంతెన అటే కనబడుతుందని క్యాలెండరు బొమ్మను బట్టి లెక్క కట్టి చెప్పింది. దాని కింద ఇంకో చిన్న గడి, దాని పక్కన రెండు పంక్తులు. చూపు లేని ప్రయాణికుల వెంట వచ్చే ఒక మనిషికి టికెట్టు ఉచితం, డాక్టరు కాగితం అక్కడి స్టేషన్‌లో చూపించాలి.

ఉచితం అన్న మాట దగ్గర నా ప్రాణం లేచి వచ్చిన మాట నిజం. ఇద్దరికి కలిపి కట్టేదాంట్లో సగం తగ్గుతుంది. ఒక్క టిక్కు. నా వేలు ఆ గడి దాకా వెళ్ళింది కూడా. అప్పుడు ఎక్కడో చురుక్కుమంది. ఆమెకు ఇంకా చూపుంది. ఉన్న చూపును నా చేత్తో లేదని రాస్తానా, అదీ శుక్రవారం పూట, రాహుకాలంలో. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క కంప్యూటర్ దగ్గర కుర్రాళ్ళు ఏదో చూసి నవ్వుతున్నారు. నేను కింది గడిలోకి దిగాను, పాస్‌పోర్టు నంబర్లు. నాది కొట్టాను. సుబ్బమ్మది చాయ్‌లో కరిగి నీలంగా పాకింది, మొదటి అక్షరం తప్ప ఒక్క అంకె కూడా ఆనవాలు లేదు.

బయట బూతులోకి వెళ్ళి ఇంటికి ఫోను చేశాను. రెండో మోతకే ఎత్తింది.

"ఏమయ్యా, అయిపోయినాదా?"

"కరెంటు పోయింది, మళ్ళీ రాస్తాండా. బీరువాలోంచి నీ పాస్‌పోర్టు తీసి నంబరు చదువు."

"ఉండు, తీస్తా."

చెవికి రిసీవరు ఆనించుకుని నిలబడ్డాను. ఫోను హాల్లో, గోడకు ఆనుకుని ఉంటుంది. బీరువా ఆ గోడకు అవతలి పక్కనే. దాని తలుపు తెరిస్తే వీధిలోకి వినబడేటంత కిర్రుమంటుంది, దొంగలకు మంచి కాపలా అని నేనే నూనె వెయ్యనివ్వను. గోడ గడియారం టిక్కుమంటోంది. వంటింట్లో పనిమనిషి లచ్చమ్మ గిన్నెలు కడుగుతోంది. ఎక్కడో ఆటో పోయింది. బీరువా కిర్రుమనలేదు. అడుగుల చప్పుడు కూడా లేదు. రిసీవరు దగ్గర ఆమె ఊపిరి అక్కడే ఉంది, మనిషి అక్కడే నిలబడి, ఒక మనిషి లోపలికి పోయి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగింది. "రాసుకో" అంది. అక్షరం, ఆ తర్వాత ఏడు అంకెలు, గుక్క తిప్పుకోకుండా, తడుముకోకుండా, గుంతకల్లు బండ్ల వేళలు అప్పజెప్పినట్టు చెప్పింది. రాసుకున్నాను. "సరిపోయినాదా?" అంది. సరిపోయింది అన్నాను.

నాలుగో నంబరు కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. ఏడు అంకెలు కొట్టాను. దుంగ మీద రెండు దెబ్బలు పడ్డాయి, ధ్వని విన్నాను, ఇక బెరడు ఎంత మెరిసినా లాభం లేదు. ఎప్పటినుంచి ఆమెకు కనబడటం లేదు? మనసు ఒక్కొక్కటే బయటికి లాగుతోంది. ఉగాది తర్వాత రాళ్ళు ఏరే పనిలేని బియ్యం తెప్పించడం మొదలుపెట్టింది, ధర ఎక్కువ కదే అంటే, వయసైపోయింది, ఎవరు ఏరతారు అంది. కుంకుమ మానేసి బిళ్ళ బొట్టు పెట్టుకుంటోంది, అదీ అద్దం లేకుండా, బొటనవేలితో కనుబొమల నడిమి కొలిచి. ఎదురుగా గడియారం పెట్టుకుని టైమెంతయిందని నన్ను అడుగుతుంది, నేను అడితీ నుంచి వచ్చేసరికి టీవీ ముందు కూర్చుంటుంది, బొమ్మ పోయి గీతలు పడుతున్నా లేచి సరిచెయ్యదు. జులైలో వీసా కాగితాల మీద సంతకం గడి దాటి కిందికి జారిపోయింది, ఏజెంటు వెనక్కి పంపాడు, గడి లోపల పెట్టడం కూడా రాదా అని కసిరాను. రెండోసారి సౌజన్య పక్కన కూర్చుని వేలు పెట్టి చోటు చూపించింది, నేను చూస్తూనే ఉన్నాను. ఇంట్లో నడిచేటప్పుడు ఒక్కొక్క ద్వారబంధం దగ్గర ఆగి వేళ్ళతో రెండుసార్లు తట్టి లోపలికి పోతోంది. బర్మా టేకు, చెక్కడం నేనే దగ్గరుండి చేయించాను, ఇన్నాళ్ళకు దాని విలువ తెలిసి ముట్టుకుంటోందని సంతోషించాను కూడా. నాలాగే గట్టిదో కాదో చూస్తున్నావా అని ఎగతాళి చేస్తే, అవును, నీ దగ్గర నేర్చుకున్నా అంది.

పోయిన నెల సౌజన్య ఆస్పత్రికి తీసుకుపోయింది. నేను వేలంపాటకు భద్రాచలం పోయాను. తిరిగొచ్చాక ఏమన్నాడు డాక్టరు అంటే, అట్లనే ఉంది నాన్నా అని బ్యాగులో ఏదో వెతుక్కుంది. ఇద్దరికీ తెలుసు. నాకొక్కడికే తెలియకుండా కాపాడుతున్నారు, ఎందుకు? పోయిన వారం నేను రైళ్ళ పేజీలు అచ్చు వేయించి తెచ్చి ముందర పరిచినప్పుడు ఆమె వాటి మీద చెయ్యి పెట్టి, ఇదేనా వంతెన అని సరిగ్గా వంతెన మీదే వేలు పెట్టింది. కాదు, నేనే ముందు అన్నానేమో, పేజీ నడిమిన బొమ్మ ఉందని. గుర్తులేదు. ఆమెకు ఇప్పటికీ పోవాలని ఉందా? లేకపోతే ఆరు నెలలు నేను వేసుకున్న లెక్క తప్పిందని నాకు తెలియడం ఇష్టం లేక పాస్‌పోర్టు నంబరు దాకా బట్టీ పట్టి, అక్కడిదాకా వచ్చి, ఎడమ కిటికీ దగ్గర కూర్చుని, అబ్బ ఎంత బాగుందో అని చెప్పేసి వద్దామనుకుందా? అదే అయితే ఎవరు ఎవరికి టికెట్టు కొంటున్నట్టు? మే నెలలో పోయి ఉంటే. మే నెలలో ఆ పేజీ మీద బొమ్మను చూసి చెట్లెన్నో లెక్క పెట్టింది. మూడో వంతు కోసం ఆగాను. ఆ మూడో వంతు ఎంతో నాకు పైసలతో సహా తెలుసు, చెప్పడానికి నోరు రాదు.

ఇక పోవడం ఎందుకు, మానేస్తే పోదా అని వ్యాపారి బుద్ధి అంటోంది. సరుకు చేరేసరికి కొట్టు మూతపడింది, బండి వెనక్కి తిప్పెయ్యి. తిప్పేస్తే ఆమెకు తెలిసిపోతుంది, నాకు తెలిసిందని. పోతే ఆ రైల్లో ఆమె పక్కన కూర్చుని బయట ఏముందో నేను చెప్పాలి. నేనేం చెబుతాను? ఆ చెట్లు ఏ రకమో, ఒక్కొక్క దాంట్లో ఎన్ని ఘనపుటడుగులు వస్తాయో, వంతెన రాయి అడుగెంత పలుకుతుందో చెప్పగలను. యాభై ఆరేళ్ళలో ఒక కొండను కొండగా చూసిన గుర్తు లేదు. చూడడం కూడా ఆమెకే వదిలేశాను, నాకేం తొందర, ఎప్పుడన్నా అడిగి తెలుసుకోవచ్చులే అని. కొండ అవతల రైలు ఎక్కడ తేలుతుందో పోయి చూసినోళ్ళు చెప్పాలట. చూసే మనిషి నేను, వినే మనిషి ఆమె. ఇంత తప్పుడు బేరం ఎవరు కుదిర్చారు?

"సేటు, పన్నెండయింది. ఇగ కొట్టు" అన్నాడు నర్సింహ వెనకనుంచి.

పన్నెండూ రెండు. మంచి ఘడియ. పేజీని మళ్ళీ పైకి జరిపాను. ఆ చిన్న గడి ఖాళీగా ఉంది. అబద్ధమైతే పెట్టను అనుకున్నాను కదా, ఇప్పుడు అబద్ధం కాదు. డాక్టరు కాగితం సౌజన్య బ్యాగులో ఉండనే ఉంటుంది, అడిగితే ఇస్తుంది, ఏమీ మాట్లాడుకోనక్కర్లేదు. టిక్కు పెట్టాను. తెర ఒకసారి తెల్లబడి, మళ్ళీ గీత గీతగా దిగింది. కింద మొత్తం మారింది. నా పేరుకు ఎదురుగా సున్నా. కిటికీ సీటు ఆమె పేరు మీదే ఉంది, ఎడమ వైపు, అది నేను ముట్టుకోలేదు. బటన్ నొక్కాను.

"అరె, ఇందాక గంత ఉండె, సగానికి సగం దించినవా" అన్నాడు నర్సింహ తెర చూసి. "కంప్యూటర్‌తోని గూడ బేరం జేస్తవ్. మామూలోనివి గాదు సేటు."

నా జీవితంలో అంత తగ్గింపు ఎవరూ ఇవ్వలేదు. అచ్చు కాగితం మడిచి జేబులో పెట్టుకుని బూతులోకి వెళ్ళాను. అయిపోయిందని చెప్పాలి కదా.

"కిటికీ దొరికినాదా?" అంది.

"దొరికింది. ఎడమ పక్కే."

"ఎంతకొచ్చె? ఏమన్నా తగ్గిచ్చినారా?"

ఇంట్లోకి చీపురుకట్ట తెచ్చినా అడిగే ప్రశ్న అది, ఎంత తగ్గించానో చెప్పడం నాకు సరదా అని.

"లేదు. పూర్తి ధరే" అన్నాను.

గడియారం టిక్కుమంటోంది.

"నువ్వా?" అంది, చాలా మెల్లగా. "నువ్వు పూరా కట్టినావా?"

"కట్టినా."

నేను ఆమె నంబరులో గుల్ల విన్నట్టే ఆమె నా మాటలో విన్నదని తెలుస్తోంది. "సరేలే" అంది. "ఎండన పడి తిరగొద్దు. అన్నానికి రా."

రిసీవరు పెట్టబోయింది. పెట్టే చోటు తప్పి అది బల్ల మీద పడినట్టుంది, చెక్క మీద ఠక్కుమంది, లైను తెగలేదు. ఆమెకు తెలియలేదు. నేను పెట్టెయ్యలేదు. అడుగులు వినబడ్డాయి, చిన్నవి, కొలిచి వేసినట్టు. మొదటి ద్వారబంధం, రెండుసార్లు తట్టింది. ఆరు అడుగులు. రెండోది, రెండుసార్లు. గట్టి కర్ర, లోపల ఎక్కడా గుల్ల లేదు, ఇంత దూరానికి కూడా తెలుస్తోంది. తర్వాత వంటిల్లు, అక్కడికి నాలుగే అడుగులు, నేనే కొలిచి పెట్టించాను. నాలుగు అయ్యాయి. అయిదు కూడా అయింది. తట్టిన చప్పుడు రాలేదు. గోడ మీద అరచెయ్యి అటూ ఇటూ రాసుకుంటూ వెతుకుతున్న చప్పుడు వస్తోంది. బూతులో మీటరు మీద ఎర్ర అంకెలు మారుతూ ఉన్నాయి, నర్సింహ అద్దంలోంచి నావైపు చూస్తున్నాడు, నేను రిసీవరు చెవికి ఇంకా గట్టిగా నొక్కి పట్టుకుని కుడికి, ఇంకొంచెం కుడికి అనుకుంటూ నిలబడ్డాను.